చెంగు లోపలి చెయ్యి

రాసుకో బిడ్డా. నేను చెప్పేది నీ బడి తెలుగులోనే రాసుకో, చదివేవాళ్ళకు సులువుగా ఉంటుంది. మనుషులు అన్న మాటలు మాత్రం ఎట్లా అన్నారో అట్లాగే పెట్టు. ముఖ్యంగా ఆయన మాట. దాన్ని దిద్దితే ఆయనకు నచ్చదు. కుట్టంతా విప్పించి మళ్ళీ మొదటి నుంచి కుట్టమనే రకం.

పోయిన నెల చేవెళ్ళలో బస్సు దిగి చూస్తే, మందుల దుకాణం పక్క గోడకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎవరో పెద్దమనిషి పోయాడనుకున్నాను. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాను. నవ్వకు. నెలన్నర రోజులు ఆయన పక్కనే పని చేశాను, అయినా నాకు ఆయన ముఖం కంటే నడినెత్తి బాగా తెలుసు. ఆయన ఎప్పుడూ బల్ల కింద, నేను బల్ల పక్కన. పైనుంచి చూస్తే బట్టతల, దాని మధ్యలో ఒక చిన్న మచ్చ. ఫ్లెక్సీ మీది ఫొటోలో ఆయన మన వైపు చూడటం లేదు. తల వంచి కింద దేన్నో చూస్తున్నాడు. కుడి చెయ్యి మాత్రం పైకి లేచి ఫొటో అంచులో తెగిపోయింది. ఆ చేతిని చూసి గుర్తుపట్టాను. చేతి చివర ఏముందో ఫ్లెక్సీ వేయించినవాళ్ళకు అక్కర్లేకపోయింది. నాకు తెలుసు. చేతి చివర చెంగు ఉంది.

పేరు రాయకు. సెట్లో అందరూ మాస్టర్ అనేవాళ్ళు. నువ్వూ మాస్టర్ అనే రాయి.

అప్పుడు నీకు నాలుగేళ్ళు. మీ అమ్మ చందనవెల్లి కంపెనీలో షిఫ్టుకు పోయేది, నిన్ను నాతో వదిలేది. నేను మన సురంగల్ అంగన్‌వాడీలో ఆయమ్మను. ఆ ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. మొయినాబాద్ దారిలో ఒక ఫాంహౌస్ కిరాయికి తీసుకున్నారట, బడికి ఇంకా పోని పిల్లల కోసం టీవీలో చదువు చెప్పే కార్యక్రమం తీస్తారట. ఆరుగురు పిల్లలు కావాలి, వాళ్ళను చూసుకునే మనిషి కావాలి. పెద్దవాళ్ళు సంతకాలు పెట్టారు, వ్యాను వచ్చింది, మిమ్మల్ని ఎక్కించుకుని పోయాను.

ఒక్కో ఎపిసోడుకు ఒక్కటే ముచ్చట. పైన అంటే ఎక్కడ, కింద అంటే ఎక్కడ. చేతులు ఎప్పుడు కడగాలి. మూడు అంటే ఎంత. పది నిమిషాల ముక్కకు రెండు రోజులు పట్టేది. అన్నం ఉడికేలోపు చెప్పే ముచ్చటకు ఇంతమంది, ఇన్ని లైట్లు ఎందుకని మొదట్లో నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత మేడం పని చూసి నోరు మూసుకున్నాను. తీసిన ముక్కను ఆమె మీకు టీవీలో వేసి చూపించేది. తను మాత్రం టీవీ చూసేది కాదు, మీ ముఖాలు చూసేది. మీలో ఎవరైనా తల తిప్పి కిటికీ బయట కోడిని చూస్తే కాగితం మీద పెన్సిలుతో ఒక గీత. గీతలు ఎక్కువ పడిన చోట ఆ ముక్క పారేసి మళ్ళీ తీసేవాళ్ళు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసిన మాటలను ఫాంహౌస్ కోడి కొట్టేసేది.

కోడికి ఓడనిది ఒక్క చెంగు.

చెంగు అంటే మేకపిల్ల బొమ్మ. తెల్ల ఉన్ని ఒళ్ళు, నల్ల గుండీల కళ్ళు, వేలాడే చెవులు, వెనక రెండు కాళ్ళు, మెడలో ఎర్ర రిబ్బను, దానికి గజ్జె. కుట్టింది మాస్టరే. ఆయనకు చేవెళ్ళ బజార్లో టైలర్ దుకాణం ఉండేది. బొమ్మ కుట్టించుకోవడానికే మేడం ఆయన దగ్గరికి పోయింది. కుట్టి తెచ్చిచ్చాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పిలగాడు దాన్ని చేతికి తొడుక్కుని ఆడించాడు. మాస్టర్ ఇంటికి పోకుండా అక్కడే నిలబడి చూసి, "మేడం, నేను కుట్టింది మేకపిల్లను. ఈ పిలగాడు సాక్సు తొడుక్కున్నడు" అన్నాడట. "అయితే నువ్వే చెయ్యి మాస్టర్" అన్నదట ఆమె. ఆ రోజు చెయ్యి పెట్టినవాడు మళ్ళీ తీయలేదు.

చక్రాల పీట మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, బల్ల కింద నుంచి చెయ్యి పైకెత్తేవాడు. కాళ్ళ మధ్య ఒక చిన్న టీవీ. చెంగు ఎట్లా కనిపిస్తుందో అందులో చూసుకునేవాడు. చెంగును మాత్రం తలెత్తి చూసేవాడు కాదు. చెయ్యి పెట్టే ముందు పౌడరు రాసుకునేవాడు. షూటింగ్ ఉన్న రోజు బీడీ ముట్టడు. "పిల్లలు దగ్గరికొస్తరు. మేకపిల్ల నోట్ల బీడీ వాసనొస్తె ఎట్లుంటది?" అనేవాడు.

మంచివాడని రాయబోతున్నావా? ఆగు. మెత్తని మనిషి కాడు. మొదటి రోజే అందరి ముందర నన్ను, నా జాకెట్టును ఎగాదిగా చూసి, "సంక కాడ బిగుతున్నదమ్మ, రెండు కుట్లు ఇప్పుకో" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వచ్చి విప్పుకున్నాను, హాయిగా ఉంది, అది వేరే సంగతి. షాటు మధ్యలో ఎవరైనా దగ్గితే బల్ల కింద నుంచి కొలత టేపు విసిరేవాడు. చెంగు ఒక ప్రశ్న అడిగిన తర్వాత ఆగాలి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్ల జవాబు చెప్పుకోవడానికి ఆ ఖాళీ. మూడు సెకన్లు చాలనేది మేడం. ఆయన ఆరు, ఏడు, ఒక్కోసారి పది దాకా ఆగేవాడు. ఆ ఖాళీలో సెట్టు మొత్తం ఊపిరి బిగబట్టేది. "అడిగినంక ఆగాలె మేడం. ఆగకుంటే అడుగుడెందుకు?" అనేవాడు.

ఆయన పెట్టిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. చెయ్యి లేని చెంగు పిల్లల కంట పడకూడదు. పని అయిపోగానే చెంగు ఆవులించి, "నిద్రొస్తున్నది, పోతున్న" అని మెల్లగా బల్ల కిందికి పోయేది. కింద ట్రంకు పెట్టె తెరిచి ఉండేది. చెంగును అందులో పడుకోబెట్టి, గుడ్డ కప్పి, తాళం వేశాకే చెయ్యి కడుక్కునేవాడు. మధ్యాహ్నం మీరు చుట్టూ చేరితే కుడి చేతికి చెంగు అట్లాగే ఉండేది, ఎడమ చేత్తో అన్నం తినేవాడు. "ఎందుకన్న గంత తిప్పలు, జర పక్కన వెట్టి తినరాదు" అన్నాను ఒకసారి. "చెయ్యి తీస్తె పానం తీసినట్టే" అన్నాడు. పెద్ద పోజు అనుకున్నాను.

మీరందరూ షాటు అయ్యాక చెంగు చెవిలో ఏదో ఒకటి చెప్పి వచ్చేవాళ్ళు. ఎవరు నేర్పారో తెలియదు. మొదట మీలో చింటు చెప్పాడు, తర్వాత అందరూ. నువ్వు అందరికంటే చివర పోయి ఎడమ చెవిలో చెప్పేదానివి.

ఇక ఆ రోజు సంగతి.

అది చివరి రోజు. నాలుగు అంటే ఎంతో చెప్పే ఎపిసోడు. మర్నాడు ఫాంహౌసులో ఎవరిదో పెళ్ళి, సాయంత్రానికి ఖాళీ చేయాలి. పొద్దున్నే మేడం అందరినీ నిలబెట్టి, "ఇయ్యాల్టిది పంపిస్తేనే ఛానల్ వాళ్ళు మిగతావి తీసుకుంటరు. లేకుంటే ఎవరిండ్లకు వాళ్ళం" అన్నది. పొద్దుటి నుంచీ మాస్టర్ మణికట్టు వాచి ఉంది. నొప్పికి చెంగు తల వణుకుతోంది, ఆ వణుకు కెమెరాలో కనిపిస్తోంది. మేడం మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆయన్ను బలవంతాన బండి ఎక్కించి మొయినాబాద్ దవాఖానకు పంపింది. ఆ తొందరలో ట్రంకు మీద గుడ్డ కప్పాడే గాని తాళం వేయలేదు.

మీరు గదిలో పడుకున్నారు. నేను హాలు ఊడుస్తున్నాను. ట్రంకు దగ్గరికి వచ్చేసరికి గుప్పుమని వాసన. నెలన్నర చెమట, పౌడరు, మీరు పెట్టిన ముద్దులు, మీ ముక్కులు. నాది ఆయమ్మ చెయ్యి. పిల్లలు ముట్టే వస్తువు మురికిగా ఉంటే ఊరుకోదు. ఆయన వచ్చేలోపు ఎండలో ఆరిపోతుంది, సంతోషపడతాడు అనుకున్నాను. దేవుడి సాక్షిగా సంతోషపడతాడనే అనుకున్నాను.

బకెట్టులో సర్ఫు వేసి నానబెట్టి రుద్దాను. రిబ్బను మెడకు గట్టిగా కుట్టి ఉంది, రాలేదు. రాకపోతే పోనీ అని దాంతోనే ఉతికాను. ఎర్ర రంగు దిగింది. నీళ్ళు ఎర్రబడ్డాయి, మెడ ఎర్రబడింది, నా చేతులు మణికట్ల దాకా ఎర్రబడ్డాయి. ఇంకా రుద్దాను. ఇంకా దిగింది. పిండి, వెనక తీగ మీద ఆరేశాను. చెవుల కుట్టు సన్నం, లాగితే ఊడతాయని వెనక కాళ్ళు రెండూ కలిపి క్లిప్పులు పెట్టి తలకిందులుగా వేలాడదీశాను.

ఇప్పుడు నీకు అర్థమైంది కదా. నాకు అప్పుడు కాలేదు.

ఆదివారం మనం చర్చికి పోయే దారిలో మటన్ కొట్టు ముందర ఏం వేలాడుతుంది? మీ ఆరుగురికీ బాగా తెలిసిన దృశ్యం అది. వెనక కాళ్ళు పైకి, తల కిందికి, మెడ దగ్గర ఎరుపు, కింద నేల మీద చుక్క చుక్క.

ముందు చింటు లేచాడు, ఒంటికి పోవడానికి వెనక తలుపు తీశాడు. అరవలేదు. మెల్లగా లోపలికి వచ్చి మిగతావాళ్ళను లేపాడు. నేను బకెట్టు కడుగుతూ తల ఎత్తేసరికి ఆరుగురూ గడప మీద వరుసగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. చెవుల చివర నుంచి ఎర్రనీళ్ళు టప్ టప్ మని పడుతున్నాయి.

"చెంగును కోసిన్రు" అన్నాడు చింటు.

నువ్వు చెంగును చూడలేదు బిడ్డా. నా చేతులు చూశావు.

"అవ్వా, నువ్వు కోసినవా?"

"లేదు బిడ్డా, ఉతికిన. సబ్బు వెట్టి ఉతికిన" అంటూ నిన్ను ఎత్తుకోబోయాను. ఒక్కడుగు వెనక్కి వేశావు. ఒక్కటే. పుట్టిన రోజు నుంచి ఈ చేతుల్లో పెరిగిన పిల్ల ఈ చేతులను చూసి వెనక్కి జరిగింది. తర్వాత పరుగెత్తుకుపోయి మంచం కిందికి దూరావు. మిగతావాళ్ళు అప్పుడు మొదలుపెట్టారు ఏడుపు, ఇంటికి పోతామని.

మేడం వచ్చింది. తీగను చూసింది, నన్ను చూసింది. "ఆయమ్మా, ఎంత పని చేసిన్రు!" అని తల పట్టుకుంది. ఫోను తీసి ఎవరికో చేయబోయి మానేసింది. అప్పుడే గేటు దగ్గర బండి ఆగింది. మాస్టర్ చేతికి కట్టుతో దిగాడు. గేటు నుంచే తీగ కనిపిస్తుంది.

పరుగెత్తుకు వచ్చాడు. "ఎవల్లు? ఎవల్లు జేసిన్రు?"

"నేనే అన్న. వాసనొస్తున్నదని..."

"పానం తీసినవ్ గదమ్మ!" అని ఒక్క అరుపు. లోపల పిల్లల ఏడుపు టక్కుమని ఆగింది.

మేడం మధ్యలోకి వచ్చింది. "మాస్టర్, ఇంక టైం లేదు. లోపలికి తీస్కపోయి చూపిద్దాం. ఇది బొమ్మ, లోపల దూది ఉన్నదని చెప్పేద్దాం. అర్థం చేసుకుంటరు."

"బొమ్మ అని వాళ్ళకు ఎరుకనే మేడం. మనకంటే మంచిగ ఎరుక" అన్నాడు. "ఎరుక ఉండుడు వేరు. గిట్ల యాలాడవడ్డది సూసుడు వేరు."

"మరి మెడకు జర తెల్లరంగు పూయిస్తా. నిన్నటి షాటులో తెల్లగున్నది."

"వద్దు. వాళ్ళు కండ్లార సూసిన్రు. సూసినదాన్ని లేదంటె అబద్ధమైతది. చెంగు అబద్ధమాడది."

గది తలుపు దగ్గరగా వేయించాడు. తీగ మీద నుంచి చెంగును రెండు చేతులతో, పసిపిల్లను తీసినట్టు తీశాడు. పౌడరు రాసుకున్నాడు, తడికి అది పిండిలా అంటుకుంది. కట్టుతో చెయ్యి లోపలికి పోవడం లేదు. పళ్ళతో ముడి విప్పి కట్టు కింద పారేశాడు. వాచిన మణికట్టును ఆ చల్లని తడి సంచిలోకి నెట్టేటప్పుడు చప్పుడు చేయలేదు. పెదవి కొరుక్కున్నాడు. అన్నం తినే బల్లను తలుపుకు అడ్డంగా పక్కకు పడుకోబెట్టించి, దాని వెనక నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఈసారి హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. మేడం కిటికీలోంచి కెమెరా పెట్టించి, బల్ల అంచుకు మైకు తగిలించింది. నన్ను తలుపు తీసుకుని గదిలోకే పొమ్మన్నాడు.

"నేనొద్దు అన్న. నన్ను సూస్తె భయపడుతున్నరు."

"అందుకే. పో, గోడకు కూసో. చేతులు దాచకు."

గోడకు కూర్చున్నాను. ఎర్రచేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. మేడం మూలన పెన్సిలు, కాగితం పట్టుకుని కూర్చుంది. ఐదుగురు పిల్లలు కిటికీ కింద ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. నువ్వు మంచం కింద. నీ రెండు పాదాలు కనిపిస్తున్నాయి నాకు.

బల్ల అంచు మీద ముందు ఒక చెవి లేచింది. ఎర్రది. తర్వాత రెండోది. తర్వాత తల.

"హచ్చ్!" అని తుమ్మింది చెంగు.

ఎవరూ కదలలేదు.

"సబ్బు ముక్కుల వోయింది" అన్నది.

చింటు గోడకు ఇంకా జరిగాడు. "నువ్వు సచ్చిపోయినవ్."

"లే. తానం జేసిన."

"మెడ కోసిన్రు. నెత్తురున్నది."

"గది రిబ్బన్ రంగు. జూడు." చెంగు మెడ తిప్పింది. "అవ్వ సబ్బు వెట్టి రుద్దింది. కండ్లు మండినయ్. ఎంత అరిసినా ఇడ్వలే."

"మా అమ్మ గూడ ఇడువది" అన్నది ఒక పిల్ల, ముక్కు తుడుచుకుంటూ. ఇంకో పిల్ల కిసుక్కున నవ్వింది. నా ప్రాణం లేచి వచ్చింది. చింటు మాత్రం లొంగలేదు.

"ఏయ్, నువ్వు యేరే మేకవు. చెంగును కూర వండిన్రు. నువ్వు యేరేది." కొంచెం ఆలోచించి అన్నాడు, "చెంగువైతే నేను చెవిల ఏం చెప్పిన్నో చెప్పు."

"అందరు ఇనంగ చెప్పద్దన్నవ్ గద? దగ్గర్కి రా. చెవిల చెప్త."

చింటు ఒక్కో అడుగు లెక్కపెట్టినట్టు పోయాడు. చెంగు వాడి చెవిలో మూతి పెట్టింది. వాడి కళ్ళు ఇంతింతయ్యాయి. వెనక్కి తిరిగి, "చెంగే!" అని అరిచాడు. ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఐదుగురికీ ఐదు చెప్పింది. నెలన్నరలో ఎవరు ఏం చెప్పారో ఆ మనిషి ఒక్కటీ మరిచిపోలేదు. చెంగు చెవి చివర వణుకుతోంది. బల్ల చెక్క మీద ఎర్రనీళ్ళు జారుతున్నాయి.

అప్పుడు మంచం కింద నుంచి నీ గొంతు వచ్చింది. "నేనేం చెప్పిన?"

చెంగు నీ వైపు తిరిగింది. నోరు తెరిచింది, మూసింది.

మేడం పెన్సిలు ఆగిపోయింది. నాకు అర్థమైపోయింది, ఆయనకు తెలియదు. అందరికంటే మెల్లగా మాట్లాడేది నువ్వే, ఆయన చెవులకు హెడ్‌ఫోన్ ఉండేది. ఏదో ఒకటి చెప్పు మాస్టర్ అన్నట్టు మేడం బల్ల వైపు చేతులు ఊపుతోంది. అమ్మ అంటే ఇష్టమని చెప్పు, చాకిలెట్టు అని చెప్పు. నేనూ లోపల లోపల అదే ప్రార్థన చేస్తున్నాను. ఒక్క అబద్ధం ప్రభువా, ఒక్కటే. తప్పు చెబితే ఆ పిల్ల మంచం కింద నుంచి రాదు, నా దగ్గరికి అసలే రాదు.

"నాకు ఇనవడలే" అన్నది చెంగు. "నువ్వు చెప్పినప్పుడు నా చెవులు మూసి ఉండె. తప్పు నాదే. మల్ల చెప్తవా?"

అని ఆగింది.

ఆ ఆగడం రాయగలవో లేదో నాకు తెలియదు. మూడు సెకన్లు కాదు, పది కాదు. బయట ట్రాక్టరు పోయింది. కోడి కిటికీ ఎక్కి కొక్కొక్కో అన్నది, ఒక్క పిల్ల తల తిప్పలేదు. చెంగు తల కొంచెం కిందికి జారింది, మళ్ళీ లేచింది. చెయ్యి పట్టు తప్పుతోంది. ఒక్కసారి ఆ తల వాలిపోతే, ఆరుగురి కళ్ళ ముందర, ఇంక అయిపోయినట్టే. మళ్ళీ జారింది. మళ్ళీ లేచింది.

నీ పాదాలు లోపలికి పోయాయి. మంచానికి అటువైపు నుంచి తల బయటికి వచ్చింది. మోచేతుల మీద పాక్కుంటూ, నాకు దూరంగా చుట్టు తిరిగి బల్ల దగ్గరికి పోయావు. చెంగు ఎడమ చెవి పట్టుకున్నావు. అప్పుడు బల్ల వెనక నుంచి ఇంకో చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి. మైకు తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తీగ ఊడి కింద పడింది.

నువ్వు చెప్పావు. చాలాసేపు చెప్పావు. చెంగు తల ఊపింది. తర్వాత నా వైపు తిరిగి చూసింది. నెలన్నరలో ఆ బొమ్మ నన్ను చూడటం అదే మొదటిసారి, నేను తల దించుకున్నాను.

"నా చెవులు జూడు" అన్నది నీతో. "ఎట్లున్నయ్?"

"ఎర్రగ."

"ఇంక ఎవలియి ఎర్రగున్నయ్?"

నువ్వు నా చేతులు చూశావు.

"ఎర్రగున్నయన్ని ముట్టుకుంట లెక్కవెట్టు. ఎన్నయితయ్?"

ఎడమ చెవి ముట్టుకున్నావు, ఒకటి. కుడి చెవి, రెండు. అక్కడ ఆగావు. నీకూ నాకూ మధ్య నాలుగడుగుల నేల. చెంగు మాట్లాడలేదు, ఆగింది. మెల్లగా నడిచి వచ్చి నా ఎడమ చేతి మీద ఒక వేలు పెట్టి తీసేశావు, కాలుతుందేమో అన్నట్టు. "మూడు." మళ్ళీ చూసుకుని, కుడి చేతి మీద నీ చెయ్యి మొత్తం పెట్టావు. "నాలుగు."

"నాలుగు!" అని ఐదుగురూ అరిచారు.

చెయ్యి తీయలేదు నువ్వు. నాకు ఎదురుగా ఏమీ కనబడలేదు కాసేపు. చెంగు ఆవులించడం మాత్రం విన్నాను. "నిద్రొస్తున్నది. పోతున్న." మెల్లగా, ఎప్పటి లాగానే మెల్లగా కిందికి పోయింది.

బల్ల వెనకకు పోయి చూస్తే ఆయన అట్లాగే వెల్లకిలా ఉన్నాడు. కుడి చెయ్యి మడవడానికి రావడం లేదు. ఎర్రనీళ్ళు మోచేతి మీదుగా చంకలోకి దిగి చొక్కా సగం ఎర్రగా ఉంది. చెంగు ఎడమ చేతిలో గుండె మీద ఉంది. కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. తిడతాడని చూశాను. తిడితే బాగుండు.

"ఇంకోపారి ఉతికితె లోపట చెయ్యి వెట్టి ఉతుకు" అన్నాడు.

"ఉతకాల్నంటె రెండు చేతులు గావాలె గద అన్న."

"ఒక్క చెయ్యితోనే తిప్పలవడు. నేను వడ్తలేనా?"

మేడం కాగితం తెచ్చి చూపించింది. ఒక్క గీత లేదు. ఆ ఎపిసోడే పంపారు. నువ్వు చెవిలో చెప్పే చోట టీవీలో చప్పుడే రాదు. మైకు ఎందుకు పీకావని మేడం గట్టిగానే అడిగింది. "గా పిల్ల టీవీకి చెప్పలే మేడం" అన్నాడు, అంతే.

ఆ కార్యక్రమం కొన్నాళ్ళు వచ్చింది, తర్వాత ఆగిపోయింది. చెంగును ఆయనే తీసుకుపోయాడు. నేను మాత్రం చేవెళ్ళ పోయినప్పుడల్లా జాకెట్టు గుడ్డ పట్టుకుని ఆయన దుకాణానికి పోయేదాన్ని. గుడ్డ ఒక సాకు. ఆ రోజు నువ్వేం చెప్పావో తెలుసుకోవాలి నాకు. నా గురించేనని నా అనుమానం. లేకపోతే చెంగు నన్ను ఎందుకు చూస్తుంది?

"అన్న, పిల్ల పెద్దగైంది. ఇప్పుడన్న చెప్పరాదు."

మిషను తొక్కుతూ తల ఎత్తకుండా అనేవాడు, "చెంగుకు చెప్పింది. నాకేం ఎరుక?"

క్రిస్మస్ కేకు తీసుకుపోయి అడిగాను. మటన్ కూర తీసుకుపోయి అడిగాను. కూర బాగుందన్నాడు, ఉప్పు జర తక్కువన్నాడు. "చెంగుకు చెప్పింది. నాకేం ఎరుక?" నిన్ను అడిగితే నీకు యాదే లేదంటావు. ఇప్పుడు ఆయన పోయాడు. ఇక ఆ మాట ఈ భూమి మీద ఎవరికీ తెలియదు.

ఫ్లెక్సీ మీద దినాల తేదీ ఉంటే ఆ రోజు పోయాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి లోపలికి తీసుకుపోయింది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఫొటో ముందర పెడతారు కదా. అన్నం, కూర, బీడీ కట్ట, కత్తెర, కొలత టేపు. వాటి పక్కన చెంగు. మెడ ఇంకా కొంచెం ఎర్రగానే ఉంది. లోపల చెయ్యి లేదు. ఒక పక్కకు వాలి, తల వెనక్కి పడిపోయి ఉంది.

వచ్చినవాళ్ళందరూ ఫొటోకు దండం పెడుతున్నారు. ఆయన మనుమరాలు, మూడేళ్ళుంటాయేమో, తలుపు చాటున నిలబడి ఉంది. అది ఫొటోను చూడటం లేదు. కళ్ళార్పకుండా చెంగును చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. గడప మీద ఆరుగురి ముఖాల్లో చూశాను.

"తాతతోటి చెంగు గూడ సచ్చిపోయిందా?" అని అడిగింది. వంటల హడావుడి, ఎవరికీ వినబడలేదు.

నేను బొమ్మలాడించే మనిషినా? నాకు ఆ గొంతు రాదు. మోకాళ్ళు పట్టుకుని ఫొటో పక్కన కూలబడ్డాను. కొంగు అడ్డం పెట్టుకుని చెంగును తీసి లోపల చెయ్యి పెట్టాను. ఇంకా పౌడరు వాసన. ఆయన వేళ్ళకు కుట్టింది, నాకు వదులు. తల లేపాను. తిన్నగా నిలబడలేదు, తూలింది. అయినా లేచింది. ఆ పిల్ల వైపు తిప్పాను. ఏం మాట్లాడాలో తెలియదు, అందుకని ఏమీ మాట్లాడలేదు. ఆగాను. ఆయన లాగా ఆగాను. చెయ్యి నొప్పి పెట్టింది, అయినా దించలేదు.

ఆ పిల్ల తలుపు చాటు నుంచి వచ్చింది. చెవి పట్టుకుంది. మూతి దగ్గరగా పెట్టి చెప్పింది. నాకు హెడ్‌ఫోన్ లేదు కదా, ప్రతి మాటా వినబడింది. చెంగు తల ఊపింది.

ఏం చెప్పిందని అడుగుతున్నావా? పెన్ను అక్కడ పెట్టు బిడ్డా.

చెంగుకు చెప్పింది. నాకేం ఎరుక?